పడుకుంటే ఒక అంకె, కూర్చుంటే ఒక అంకె: ఆపరేషన్ తర్వాత పెద్దవారి ఆయాసం

పెద్ద వయసువారికి ఆపరేషన్ అయ్యాక వార్డులో రెండు రకాల ఆయాసం కనిపిస్తుంది. మొదటిది రోజూ చూసేదే. అర్ధరాత్రి దాటాక దిండు పక్కకు పోయి, మనిషి మంచం కిందివైపుకు జారి, వెల్లకిలా పడి ఉంటాడు. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 88 చూపిస్తుంది. లేపి కూర్చోబెట్టి నాలుగుసార్లు దగ్గించగానే 94కి వస్తుంది. రెండోది అరుదు. పడుకున్నంతసేపూ 95, 96 దగ్గర నిలకడగా ఉంటుంది. ఫిజియోథెరపిస్టు వచ్చి మంచం అంచున కూర్చోబెట్టిన రెండు నిమిషాలకు పెదవులు నల్లబడతాయి, ఊపిరి అందదు, అంకె 84కి పడిపోతుంది. కంగారుగా పడుకోబెడితే మళ్లీ మామూలు. ‘బాగా నీరసంగా ఉన్నారు, రేపు చూద్దాం’ అని ఆ పూటకు వదిలేస్తారు.

ఈ ఇద్దరి కేస్ షీట్‌లోనూ రాసేది ఒక్కటే: ఆక్సిజన్ తగ్గింది. ఎలా ఉన్నప్పుడు తగ్గిందో రాయరు. లోపం ఊపిరితిత్తుల అడుగున ఉందా, గుండె మధ్యగోడలో ఉందా అన్నదానికి మొదటి ఆధారం ఆ రాయని మాటే. పైగా ఒకరికి ప్రాణం నిలిపే భంగిమ ఇంకొకరికి ప్రమాదం. ఆయాసం అనగానే తలవైపు ఎత్తడం అందరికీ అలవాటు. మొదటి మనిషికి అదే మందు, రెండో మనిషికి అదే హాని.

వెల్లకిలా పడుకుంటే ఏమవుతుంది

ఊపిరి మామూలుగా వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో రెండు, రెండున్నర లీటర్ల గాలి మిగిలి ఉంటుంది. రెండు ఊపిరుల మధ్య రక్తానికి ఆక్సిజన్ అందేది ఆ నిల్వలోంచే. నిలబడ్డ మనిషి వెల్లకిలా పడుకోగానే పొట్టలోని అవయవాలు డయాఫ్రంను, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరాన్ని, పైకి నెడతాయి. నిల్వ అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గిపోతుంది. జనరల్ అనస్థీషియా ఇస్తే ఇంకో నాలుగైదు వందల మిల్లీలీటర్లు పోతుంది.

ఇంతవరకూ వయసుతో పనిలేదు. పాతికేళ్ల కుర్రాడికీ ఇదే జరుగుతుంది, అతనికేమీ కాదు. వయసు తెచ్చే తేడా మరోచోట ఉంది. ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాలకు సొంతంగా గట్టి గోడలుండవు. చుట్టూ ఉన్న కణజాలం సాగే గుణంతో వాటిని లాగి తెరిచి ఉంచుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లాగుడు సడలుతుంది. అప్పుడు ఊపిరి వదిలే సమయంలో, నిల్వ ఇంకా చాలా ఉండగానే, అడుగుభాగంలోని గొట్టాలు మూసుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా పడుకున్నప్పుడు సుమారు 44 ఏళ్లకు, కూర్చున్నప్పుడు సుమారు 66 ఏళ్లకు ఈ మూసుకునే స్థాయి మామూలు ఊపిరి స్థాయిని అందుకుంటుంది. అంటే 75 ఏళ్ల మనిషికి కూర్చుని ఉన్నా కొన్ని గొట్టాలు ప్రతి ఊపిరికీ మూసుకుంటూనే ఉంటాయి. పడుకుంటే ఇంకా ఎక్కువ. మూసుకున్న చోటికి గాలి వెళ్లదు. రక్తం మాత్రం వెళ్తుంది, ఆక్సిజన్ తీసుకోకుండానే వెనక్కి వస్తుంది.

దీనికి ఆపరేషన్ తోడవుతుంది. జనరల్ అనస్థీషియా తీసుకున్న పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఊపిరితిత్తుల అడుగున కొంత భాగం గాలి లేక ముడుచుకుపోతుంది. వయసులో ఉన్నవారిలో ఇది ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుంటుంది. పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టి చేసే పొట్ట ఆపరేషన్లలో, పెద్దవారిలో, అంత తేలిగ్గా విచ్చుకోదు. నిండా పీల్చి పూర్తిగా వదలగలిగే గాలి మొదటి రోజు సగానికి దగ్గరగా పడిపోతుంది. కారణం నొప్పి ఒక్కటే కాదు. పొట్ట పైభాగంలో చెయ్యి పడినప్పుడు డయాఫ్రంకు వెళ్లే నరాల ఆదేశమే మందగిస్తుంది. అందుకే నొప్పి పూర్తిగా తగ్గించినా డయాఫ్రం ఆ రోజే కోలుకోదు, వారం పడుతుంది. తుంటి, మోకాలి ఆపరేషన్లలో ఈ దెబ్బ తక్కువే. కానీ తుంటి విరిగి ఆపరేషన్‌కు ముందే మూడు నాలుగు రోజులు వెల్లకిలా పడి ఉన్నవారికి ఊపిరితిత్తుల అడుగు అప్పటికే ముడుచుకుని ఉంటుంది. ఆ లెక్క ఆపరేషన్ రోజు నుంచి కాదు, కింద పడిన రోజు నుంచి వేసుకోవాలి.

రాత్రుల సంగతి వేరు. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి, శరీరానికి తగిలిన దెబ్బవల్ల, గట్టి నొప్పి మందులవల్ల, కలలు వచ్చే దశ నిద్ర దాదాపు ఉండదు. రెండు, మూడు రాత్రుల్లో అది బాకీ తీర్చుకున్నట్టు ఎక్కువగా వస్తుంది. ఆ దశలో గొంతు కండరాలు వదులవుతాయి, గురక ఆగి ఆగి వస్తుంది, వెల్లకిలా ఉన్నవారికి ఆక్సిజన్ ఉన్నట్టుండి పడిపోతూ లేస్తూ ఉంటుంది. మానిటర్ తీసేసి వార్డుకు మార్చేది సరిగ్గా ఆ రాత్రుల్లోనే. తెల్లవారుజామున పెద్దాయన అయోమయంగా మాట్లాడి, సెలైన్ గొట్టం పీకేస్తే ముందు చూడాల్సింది వేలికి ఆక్సీమీటర్ పెట్టి. నిద్రమాత్ర ఇస్తే ఉన్న ఊపిరి కూడా మందగిస్తుంది.

పడుకుంటే పెరిగే ఆయాసానికి ఇంకో రెండు కారణాలున్నాయి. ఆపరేషన్‌లో ఎక్కించిన సెలైన్ కణజాలంలో నిలిచి, రెండో మూడో రోజు నుంచి రక్తనాళాల్లోకి తిరిగి వస్తుంది. గుండె బలహీనంగా ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మంచాన ఉన్న మనిషికి ఆ వాపు పాదాల్లో కనిపించదు, నడుము కింద వెనకవైపు వేలితో నొక్కి చూడాలి. రెండోది భుజం ఆపరేషన్లకు మెడ పక్కన ఇచ్చే నరాల మత్తు. 20 మిల్లీలీటర్ల మందు వాడే పాత పద్ధతిలో ఆ పక్క డయాఫ్రం దాదాపు అందరిలోనూ తాత్కాలికంగా పడిపోతుంది. ఊపిరి సామర్థ్యం పావు వంతు తగ్గుతుంది. మత్తు దిగేదాకా ఆ మనిషిని సగం కూర్చున్నట్టు ఉంచాల్సిందే.

ముక్కు గొట్టాలు దాచిపెట్టేది

ముక్కులో పెట్టే గొట్టాలతో నిమిషానికి 2 లీటర్లు ఇస్తే పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 నుంచి సుమారు 28 శాతానికి వెళ్తుంది. అది చాలామందికి సరిపోతుంది. చిక్కు ఏమిటంటే, గట్టి నొప్పి మందులవల్ల ఊపిరి మందగించి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా, ఆ 2 లీటర్లు ఆక్సీమీటర్ అంకెను 96 దగ్గరే నిలబెడతాయి. మామూలు గాలి పీల్చేవారిలో అంకె ముందే పడి హెచ్చరిస్తుంది. ఆక్సిజన్ పెట్టినవారిలో హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఆక్సిజన్ మీద ఉన్న పెద్దవారికి ఊపిరి లెక్క ముఖ్యం. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం కాదు, నిమిషమంతా లెక్కపెట్టాలి. 10 కంటే తగ్గినా, పిలిస్తే మగతగా పలికినా, అంకె 97 ఉన్నా సరే, డాక్టర్ని పిలవాలి. ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైనవారికి లక్ష్యమే వేరు, 88 నుంచి 92. మిగతావారికి 94 నుంచి 98.

లేచి కూర్చుంటే పడిపోవడం

పడుకుంటే బాగుండి, లేస్తే ఆయాసం రావడాన్ని ఇంగ్లిష్ వైద్యంలో ప్లాటిప్నియా అంటారు. లేస్తే ఆక్సిజన్ తగ్గడాన్ని ఆర్థోడియాక్సియా అంటారు. ఇలాంటి ఆయాసాన్ని 1949లోనే వర్ణించారు, 1969లో ప్లాటిప్నియా అన్న పేరు పెట్టారు. లేచినప్పుడు ఆక్సీమీటర్ అంకె 5 శాతం కంటే ఎక్కువ పడినా, ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ ఒత్తిడి 4 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పడినా దీన్ని అనుమానించాలి. అరుదైనదే. కానీ దొరికితే పూర్తిగా నయమయ్యేది కాబట్టి వదిలేయడానికి వీల్లేదు.

తల్లి కడుపులో బిడ్డకు ఊపిరితిత్తులు పనిచేయవు. గుండె పైభాగంలో రెండు గదులుంటాయి, వాటిని కర్ణికలంటారు. కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికకు నేరుగా రక్తం వెళ్లడానికి మధ్యగోడలో ఒక చిన్న తలుపు ఉంటుంది. దిగువ మహాసిర, అంటే కాళ్లనుంచీ పొట్టనుంచీ రక్తం తెచ్చే పెద్ద సిర, సరిగ్గా ఆ తలుపువైపే రక్తాన్ని చిమ్ముతుంది. పుట్టాక ఎడమపక్క ఒత్తిడి పెరిగి తలుపు మూసుకుంటుంది. చాలామందిలో అతుక్కుపోతుంది. ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అతుక్కోదు, చేరవేసిన తలుపులా ఉండిపోతుంది. దాన్ని పీఎఫ్‌ఓ అంటారు. ఎడమ ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతకాలం దానివల్ల ఇబ్బంది లేదు. డెబ్బై ఏళ్లు తెలియకుండానే గడిచిపోతాయి.

ఆ డెబ్బై ఏళ్లలో చుట్టూ మార్పులొస్తాయి. గుండెనుంచి బయల్దేరే బృహద్ధమని వెడల్పై, పొడవై, వంకర తిరిగి పక్కనే ఉన్న కుడి కర్ణికను నొక్కుతుంది. వెన్ను వంగి గూని వస్తుంది. దాంతో కర్ణికల మధ్యగోడ ఉండే కోణం మారి, దిగువ మహాసిర ధార ఎదురుగా మళ్లీ తలుపు వచ్చి నిలుస్తుంది. మనిషి లేచి కూర్చున్నప్పుడు బృహద్ధమని, గుండె కిందికి లాగినట్టయి గోడ ఇంకా సాగుతుంది, సందు తెరుచుకుంటుంది. సగటున కుడిపక్క ఒత్తిడి ఏమీ పెరగదు. ధార దిశ ఒక్కటే చాలు, ఆక్సిజన్ లేని రక్తం తిన్నగా ఎడమపక్కకు దూరిపోతుంది.

ఆపరేషన్ చేసే పని చివరి తోపు. కుడి ఊపిరితిత్తిని తీసేస్తే గుండె ఆ ఖాళీవైపు తిరుగుతుంది. పొట్టలోనో ఛాతీలోనో ఆపరేషన్ తర్వాత కుడి డయాఫ్రం పైకి లేస్తే కుడి కర్ణిక నొక్కుకుంటుంది. ఉపవాసం, రక్తం పోవడం, నీళ్లు తక్కువ తాగడంవల్ల రక్తం పరిమాణం తగ్గితే లేచినప్పుడు ఇది మరింత తేటగా బయటపడుతుంది. అన్నిటికంటే మామూలు కారణం ఇంకోటి ఉంది: పది రోజులు పడుకుని ఉన్న మనిషిని మొదటిసారి కూర్చోబెట్టడం. ముందునుంచీ కొంత ఉన్నదే అప్పుడు అందరి కంటా పడుతుంది.

ఇది దొరక్కపోవడానికి కారణం పరీక్షల్లోనే ఉంది. ఛాతీ సీటీ పడుకోబెట్టి తీస్తారు. ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండెను చూసే పరీక్ష, పడుకోబెట్టి చేస్తారు. రక్త నమూనా పడుకుని ఉండగా తీస్తారు. జబ్బు దాక్కునే భంగిమలోనే పరీక్షలన్నీ జరుగుతాయి. అన్నీ బాగున్నాయని రిపోర్టు వస్తుంది, కూర్చుంటే మనిషి నల్లబడుతూనే ఉంటాడు. కొన్నిసార్లు దీన్ని భయం కింద జమకడతారు. అది ఆ మనిషికి చేసే అన్యాయం.

ఒక వరుస మాత్రం తప్పకూడదు. ఆపరేషన్ తర్వాత కొత్తగా ఆక్సిజన్ తగ్గితే ముందు తేల్చాల్సింది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డ. ఆ గడ్డే కుడిపక్క ఒత్తిడి పెంచి మూసి ఉన్న పీఎఫ్‌ఓను తెరవగలదు కూడా. రక్తనాళాలను చూపించే సీటీ యాంజియోలో గడ్డ లేదని తేలి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి, ఆక్సిజన్ మాత్రం ఎక్కకపోతే అప్పుడు తలుపు వైపు చూడాలి. ఇంకో గుర్తు: నిమిషానికి 2 లీటర్ల నుంచి 10 లీటర్లకు పెంచినా కూర్చున్నప్పటి అంకె పెద్దగా కదలదు. ఊపిరితిత్తులను తాకకుండా పక్కదారిన పోయే రక్తానికి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా అందదు. లివర్ బాగా పాడైనవారిలో కూడా లేస్తే అంకె పడుతుంది. అక్కడ లోపం ఊపిరితిత్తుల అడుగున వెడల్పైన సన్నని రక్తనాళాల్లో ఉంటుంది.

ఈ రెంటినీ విడదీసేది బుడగల ఎకో. మూడు దారుల స్టాప్‌కాక్‌కు రెండు 10 మిల్లీలీటర్ల సిరంజీలు బిగించి, 9 మిల్లీలీటర్ల సెలైన్, 1 మిల్లీలీటరు గాలి అటూ ఇటూ గట్టిగా గిలక్కొట్టి సిరలోకి ఎక్కిస్తారు. తెల్లటి బుడగలు కుడి కర్ణికలో కనిపిస్తాయి. మూడు గుండె చప్పుళ్ల లోపు ఎడమ కర్ణికలోకి వస్తే గుండె గోడలో దారి ఉన్నట్టు. మూడు నుంచి ఆరు చప్పుళ్లకు వస్తే దారి ఊపిరితిత్తుల్లో ఉన్నట్టు. దీన్ని పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి చేయాలి. చేతి సిరలోంచి పంపిన బుడగలు ఎగువ మహాసిరలోంచి వచ్చి తలుపు వైపు తిరగకుండా కిందికి పోవచ్చు. అనుమానం గట్టిగా ఉంటే తొడ సిరలోంచి పంపితే దొరుకుతుంది. కూర్చోబెట్టి ఎకో కుదరకపోతే తలలోని రక్తనాళాల డాప్లర్‌లో బుడగలను పట్టుకోవచ్చు.

వైద్యం గొట్టం ద్వారానే. తొడ సిరలోంచి వెళ్లి, గొడుగుల్లాంటి రెండు బిళ్లల మధ్య గోడను బిగించి తలుపు మూసేస్తారు. కుడిపక్క ఒత్తిళ్లు ముందే కొలవాలి. ఊపిరితిత్తుల రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్నవారికి ఆ తలుపే ఊరటనిచ్చే దారి, మూసేస్తే కుడి గుండె దెబ్బతింటుంది. తగినవారిలో మాత్రం ఫలితం ఆ రోజే కనిపిస్తుంది: కూర్చోబెడితే అంకె నిలబడుతుంది. వయసు ఎనభై దాటిందన్న ఒక్క కారణంతో దీన్ని వద్దనుకోవడం సరికాదు.

అంతవరకూ ఆ మనిషిని పడుకోబెట్టే ఉంచాలి. తిండి, మందులు పడుకున్న చోటే ఇస్తూ, పొరపోకుండా పక్కకు తిప్పి పట్టించాలి. నీళ్లు తగ్గనివ్వకూడదు. సెలైన్ గొట్టంలో గాలి బుడగ ఒక్కటి కూడా పోనివ్వకూడదు. మామూలు మనిషికి ఆ బుడగ ఊపిరితిత్తుల్లో ఆగిపోతుంది, ఇక్కడ నేరుగా మెదడుకు వెళ్లగలదు. కాళ్లలో గడ్డ కట్టినా అదే దారి, అదే పక్షవాతం భయం.

రెండు భంగిమల్లో కొలవడం

కొలవడం తేలికే, తప్పులు జరగడమూ తేలికే. ఐదు నిమిషాలు ఒక దిండుతో పడుకోబెట్టి ఆక్సిజన్, నాడి, బీపీ, ఊపిరి లెక్క రాయాలి. తర్వాత మనిషి తనంతట లేవకూడదు. లేచే శ్రమకే అంకె తగ్గవచ్చు, అది భంగిమ తప్పు కాదు. మంచం తలవైపు మర తిప్పి పైకెత్తి కూర్చోబెట్టి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ నాలుగూ రాయాలి. వెనక్కి పడుకోబెట్టి ఎంతసేపట్లో కోలుకున్నారో కూడా రాయాలి. 85 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా వెంటనే పడుకోబెట్టేయాలి.

బీపీ ఎందుకంటే, లేవగానే బీపీ పడిపోయేవారికి వేలిలో నాడి అందక ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుంది. ఆక్సీమీటర్‌లోని నాడి అంకె మణికట్టు దగ్గర పట్టుకున్న నాడితో సరిపోకపోతే ఆ ఆక్సిజన్ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. మంచం అంచును బిగపట్టుకున్న చేతికి కాక, ఒళ్లో పెట్టుకున్న చేతికి పెట్టాలి. నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉన్న వేలు వద్దు. ఒంటి రంగు చామనఛాయ, నలుపు ఉన్నవారిలో ఆక్సీమీటర్ అసలు కంటే ఎక్కువ చూపించవచ్చని 2020లో వచ్చిన పరిశోధన తర్వాత అందరూ ఒప్పుకున్నారు. మన దగ్గర దీని అర్థం, 92ను 92గా నమ్మి కూర్చోకుండా అనుమానం ఉంటే ధమని రక్తం తీయించడం. ఇంకో చిన్న సంగతి, వార్డులో రోజూ జరిగేది: లేపి కూర్చోబెట్టేటప్పుడు ముక్కు గొట్టం లాగుకుపోయి చెంప మీదికి జారుతుంది, లేదా పిరుదు కింద నొక్కుకుంటుంది. అంకె పడితే ముందు గొట్టం చూడాలి.

మంచం, బంతులు, ఇల్లు

పడుకుంటే తగ్గేవారికి తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తమంటారు. ఎత్తుతారు. అరగంటలో మనిషి కిందికి జారిపోతాడు. అప్పుడు మంచం వంగే చోటు తుంటి దగ్గర ఉండాల్సింది పొట్ట మధ్యకో ఛాతీ కిందికో వస్తుంది. గడ్డం ఛాతీకి ఆనుతుంది, పొట్ట మడతపడి డయాఫ్రంను నొక్కుతుంది. చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుంది, ఊపిరితిత్తులకు వెల్లకిలా పడుకున్నదానికంటే అన్యాయం. ఇద్దరు దుప్పటి పట్టి పైకి జరిపి, తుంటి సరిగ్గా మంచం వంపు మీదకు తెచ్చి, ముందుగా మోకాళ్ల వైపు కొంచెం ఎత్తి, తర్వాత తలవైపు ఎత్తాలి. తుంటి మార్పిడి అయినవారికి ఎంత వంచవచ్చో సర్జన్‌ని అడగాలి. అన్నిటికంటే మేలు మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, రోజుకు కనీసం మూడుసార్లు. అమెరికాలోని బోస్టన్ మెడికల్ సెంటర్ ఐ-కాఫ్ పేరుతో రూపొందించిన పద్ధతిలో కూడా ఇదే ఉంది: ఊపిరి వ్యాయామం, దగ్గు, నోటి శుభ్రత, రోగికీ ఇంట్లోవారికీ అర్థమయ్యేలా చెప్పడం, రోజుకు మూడుసార్లు మంచం దిగడం, తలవైపు ఎత్తు.

మూడు బంతుల స్పైరోమీటర్ దాదాపు ప్రతి పేషెంట్‌తోనూ కొనిపిస్తారు. సగం మంది దాన్ని ఊదుతారు. ఊదితే ఉపయోగం లేదు, పీల్చాలి. బంతుల మీద 600, 900, 1200 అని ఉండేది సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో పీలిస్తే ఆ బంతి లేస్తుందో చెప్పే లెక్క. మూడూ ఒక్కసారి టపీమని లేపడం గొప్ప కాదు. ఒకటో రెండో బంతులను నెమ్మదిగా లేపి మూడు నాలుగు సెకన్లు నిలపగలిగితేనే అడుగున ముడుచుకున్న భాగం విచ్చుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు, ప్రతిసారీ కూర్చునే చేయాలి. నొప్పి మందు వేసిన అరగంటకు మొదలుపెట్టి, కోత మీద మడత పెట్టిన దిండు అదిమి పట్టుకుని దగ్గితే తెమడ వస్తుంది. పరికరం ఒక్కదానివల్లే ఒరిగేది తక్కువ. దగ్గు, నడక తోడైతేనే.

2021లో కరోనా రెండో అల ఉద్ధృతంగా ఉన్నప్పుడు బోర్లా పడుకుంటే ఆక్సిజన్ పెరుగుతుందని కేంద్ర ఆరోగ్య శాఖ సూచనలు ఇచ్చింది. మన ఇళ్లలో చాలామంది అది నేర్చుకున్నారు, ఆక్సీమీటర్లూ అప్పుడే కొన్నారు. ఆ అలవాటుతో పొట్ట ఆపరేషన్, తుంటి ఆపరేషన్ అయిన పెద్దవారిని ఇంట్లో బోర్లా తిప్పకూడదు. ఒక పక్క ఊపిరితిత్తికి మాత్రమే జబ్బు ఉంటే, దగ్గులో రక్తం, చీము పడనివారిలో, బాగున్న పక్క కిందికి వచ్చేలా పక్కకు తిప్పితే అంకె పెరుగుతుంది.

ఇంటికి వచ్చాక నవారు మంచం వద్దు. మధ్యలో కుంగి, జారిన ఆసుపత్రి మంచంలాగే పొట్టను మడతపెడుతుంది. గట్టి పరుపు, వీపు వెనక తలనుంచి నడుం దాకా ఏటవాలుగా పేర్చిన దిండ్లు కావాలి. తల కింద ఒక్కచోటే మూడు దిండ్లు పెడితే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు. వారం రోజులు పొద్దున, రాత్రి ఆక్సిజన్ రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన మూడు సంగతులు ఉండాలి: పడుకునా కూర్చునా, ఆక్సిజన్ పెట్టుకున్నారా లేదా, ఎన్ని నిమిషాలు ఆగి చూశారు. పడుకున్నప్పుడు 95 ఉండి, కూర్చున్న ఐదు నిమిషాలకు 89 లోపు పడటం రెండుసార్లు కనబడితే మూడోసారి కోసం ఆగకుండా ఆ కాగితంతో గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎకో కూర్చోబెట్టి కూడా చేయమని అడగాలి.